ఇంగ్లండ్‌లో ఇల్లు చూసుకునే ముందు స్టేషన్ చూసుకోండి

ఇంగ్లండ్‌కి ఉద్యోగానికో చదువుకో కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు ముందు అద్దె అడుగుతారు, తర్వాత చుట్టుపక్కల మనవాళ్లు ఎవరున్నారో అడుగుతారు. రైలు సంగతి ఆఖర్న. ప్రకటనలో ‘లండన్‌కి 25 నిమిషాలు’ అని ఉంటే చాలు, సంతకం పెట్టేస్తారు. ఆ మాట అబద్ధమేమీ కాదు. కాకపోతే అది ఆ లైనులో అన్నిటికంటే వేగంగా పోయే బండి లెక్క. మీ ఆఫీసు టైముకి ఆ బండి ఉందా, గంటకి ఎన్ని ఉన్నాయి, రాత్రి ఆఖరి బండి ఎప్పుడు అన్నది మీరే చూసుకోవాలి.

లండన్‌కి పడమర వైపు ఊరు, మనవాళ్లు బాగా ఉండే రెడింగ్‌నే తీసుకోండి. అక్కడ ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే అరగంట లోపే లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషన్‌లో దిగుతారు. అదే దారిలో లండన్ మధ్యగా వెళ్లే ఎలిజబెత్ లైను బండి మధ్యలో చాలా స్టేషన్లలో ఆగుతుంది కాబట్టి దగ్గర దగ్గర గంట పడుతుంది. అయితే మీ ఆఫీసు లండన్‌లోనే ఉన్న లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ వైపు ఉంటే ఈ లైనులో బండి మారే పని లేకుండా నేరుగా వెళ్లొచ్చు. ఇంకో సంగతి: రెడింగ్, దారిలో వచ్చే స్లౌ స్టేషన్లలో ఆయిస్టర్ కార్డు (లండన్ రవాణాకి వాడే ప్రీపెయిడ్ కార్డు) చెల్లదు. గేటు దగ్గరి మెషీను మీద బ్యాంకు కార్డుతోనో ఫోనుతోనో ట్యాప్ చేయాలి. ఎక్కేటప్పుడు ఫోను పెట్టి, దిగేటప్పుడు ఆ ఫోనులో ఉన్న బ్యాంకు కార్డునే పెట్టినా మెషీను వాటిని రెండు వేర్వేరు ప్రయాణాలుగా చూస్తుంది. రెండూ సగంలో ఆగినట్టే లెక్కేసి, రెండిటికీ గరిష్ఠ చార్జీ కోసేస్తుంది.

ఇక బండ్లు టైముకి వస్తాయా అన్న ప్రశ్న. 2025 నుంచి 1,700కి పైగా స్టేషన్లలో ఆ స్టేషన్ పనితీరు అంకెలు ప్రయాణికులకి చూపిస్తున్నారు. అందులో రెండు ముక్కలుంటాయి: టైముకి వచ్చినవి ఎన్ని, రద్దయినవి ఎన్ని. మొదటిది చూసి టెన్షన్ పడకండి. ఇక్కడ ‘టైముకి’ అంటే స్టేషన్‌కి ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకుండా రావడం. దేశం మొత్తం మీదే అది మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. రెండు మూడు నిమిషాల ఆలస్యంతో ఎవరి ఉద్యోగమూ పోదు.

నన్నడిగితే చూడాల్సింది రద్దుల అంకె. దాన్ని కూడా గంటకి ఎన్ని బండ్లున్నాయో దానితో కలిపి చూడాలి. గంటకి నాలుగు బండ్లున్న చోట ఒకటి రద్దయితే పావుగంట నిలబడతారు. గంటకి ఒక్కటే ఉన్న పల్లె స్టేషన్‌లో అదే రద్దు గంట తినేస్తుంది. పైగా ఆలస్యమైన బండిని దారిలో పెట్టడానికి చిన్న స్టేషన్లలో ఆపకుండా తీసుకెళ్లిపోవడం మామూలే. ప్లాట్‌ఫాం మీద మీరు బ్యాగు సర్దుకుని ముందుకు జరిగేలోపు బోర్డు మీద మీ బండి పేరు మాయమవుతుంది, ఆ వెనకే అది మీ ముందునుంచి హోరుమని వెళ్లిపోతుంది.

ఆదివారాలు వేరే లోకం. పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు, రైలుకి బదులు బస్సు వేస్తారు. రైళ్లు నడిపే కొన్ని కంపెనీల్లో డ్రైవర్లకి ఆదివారం డ్యూటీ తప్పనిసరి కాదు, ఇష్టమైతే ఓవర్‌టైముగా చేస్తారు. ఎండ బాగా కాసిన ఆదివారం బండ్లు తగ్గిపోతే దాని వెనక ఆ కారణం ఉండొచ్చు. ఆకులు రాలే కాలంలో చక్రాల కింద ఆకులు నలిగి పట్టాలు జారుడుగా మారతాయి, అందుకే బండ్లు మెల్లగా నడుపుతారు. మొదట్లో అందరికీ నవ్వొస్తుంది గానీ ఇది నిజమైన సమస్యే. క్రిస్మస్ రోజున రైళ్లే ఉండవు. టైంటేబుల్ ఏటా మే, డిసెంబరు నెలల్లో మారుతుంది, అప్పుడోసారి మీ బండి టైము చూసుకోండి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారనుకుంటే, ఇంట్లో చంటిపిల్లలుంటే లిఫ్టు సంగతి ముందే తేల్చుకోండి. చాలా స్టేషన్లు విక్టోరియా రాణి కాలం నాటివి. అవతలి ప్లాట్‌ఫాంకి మెట్ల వంతెనే దిక్కు. రైళ్ల సమాచారం ఉండే నేషనల్ రైల్ సైటులో ప్రతి స్టేషన్‌కీ ఎ, బి, సి అని వర్గం ఉంటుంది. ఎ అయితే ఎక్కడా మెట్లెక్కే పని లేదు, సి అయితే మెట్లు తప్పించుకునే దారే లేదు. బి రాసి ఉంటే వివరాలు మొత్తం చదవాలి, ఒక ప్లాట్‌ఫాంకే సౌకర్యం ఉండొచ్చు. లిఫ్టుల కోసం 2006 నుంచి ప్రభుత్వ పథకం నడుస్తోంది, కానీ మీ స్టేషన్ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ‘త్వరలో లిఫ్టు’, ‘త్వరలో కొత్త స్టేషన్’ అన్న మాట నమ్మి ఇల్లు తీసుకోవద్దు. రెడింగ్ గ్రీన్ పార్క్ స్టేషన్ గురించి ఎన్నో ఏళ్లు విన్నాక 2023 మేలో తెరిచారు.

టికెట్ల విషయంలో తొందరపడొద్దు. ఏడాది సీజన్ టికెట్ ధర వారం టికెట్‌కి 40 రెట్లు, అంటే 12 వారాలు ఉచితమన్నమాట. కానీ పది నెలలు దాటాక వెనక్కి ఇచ్చినా పైసా రాదు. ఆఫీసుకి వారానికి రెండు రోజులే వెళ్తుంటే 28 రోజుల్లో 8 రోజులు తిరిగే ఫ్లెక్సీ సీజన్ ఉంది. 16-25 రైల్‌కార్డు అనే రాయితీ కార్డుతో చార్జీ మూడో వంతు తగ్గుతుంది. పేరు చూసి మనది కాదనుకోకండి, ఫుల్‌టైమ్ చదువుతుంటే 26 దాటినవాళ్లకీ ఇస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం పది లోపు మాత్రం దానికి 12 పౌండ్ల కనీస చార్జీ ఉంది, జులై, ఆగస్టుల్లో ఆ నిబంధన వర్తించదు.

బండి ఆలస్యమైతే డబ్బు వెనక్కిస్తారు, మనవాళ్లలో చాలామంది అడగరు. చాలా కంపెనీల్లో 15 నిమిషాలు దాటితే ఆ ప్రయాణపు చార్జీలో పావు వంతు, అరగంట దాటితే సగం, గంట దాటితే మొత్తం. ఎలిజబెత్ లైనుకి నియమాలు వేరు, అరగంట దాటాకే మొదలు. 28 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అడగాలి, టికెట్ ఫొటో ఉంచుకోవాలి. గమ్యం ఎంత ఆలస్యంగా చేరారన్నదే లెక్క. మొదటి బండి పది నిమిషాలు ఆలస్యమై, దానివల్ల రెండోది తప్పిపోయి మీరు గంట ఆలస్యంగా చేరితే, ఆ గంటకీ డబ్బు అడగాల్సింది మొదటి బండి నడిపిన కంపెనీనే.