రేడియోధార్మిక ధూళి పట్టిన హెలికాప్టర్‌ను ఎలా కడగాలి?

రేడియోధార్మిక మేఘంలోంచి వచ్చిన హెలికాప్టర్‌తో అసలు చిక్కంతా దాని ఒంటికి పట్టిన దుమ్ముతోనే. అది చేతికంటి, నోట్లోకి పోకుండా చూసుకోవాలి. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ రాకుండా ఎవరూ చెయ్యి వెయ్యొద్దు.

ముందు గాలి చూడండి. నెల్లూరు, ప్రకాశం తీరంలో వేసవి పొద్దున పడమటి గాలి కొట్టినా, మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరుగుతుంది. మనుషులు గాలి వచ్చే దిక్కున నిలబడాలి కాబట్టి, పొద్దున కట్టిన హద్దు తాడు మధ్యాహ్నం మార్చాల్సి రావచ్చు. కర్రకు గుడ్డపేలిక కట్టి పాతండి, చాలు.

దూరంగా నిలబడి, రేడియేషన్ మీటరుతో ఆ చోట మామూలుగా ఉండే రీడింగ్ రాసుకోండి. తర్వాత మీటరు ప్రోబ్‌ను (కిరణాలను పసిగట్టే కొసను) హెలికాప్టర్ రేకుకు సెంటీమీటరు ఎడంలో, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున జరపండి. తొందరపడితే మీటరు అందుకోదు. తగిలిందా, ప్రోబే మురికవుతుంది, ఆపైన చూపించేవన్నీ దొంగలెక్కలే.

జిడ్డున్నచోట దుమ్ము నిలుస్తుంది: ఆయిల్ కూలర్, రోటర్ హబ్ గ్రీజు, చక్రాల గుంతలు, రివెట్ల వరసలు. అన్నిటికన్నా ఘాటైనవి ఫిల్టర్లు. 1948లో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవుల్లో జరిగిన అమెరికా అణుపరీక్షల్లో డ్రోన్ విమానాల ఫిల్టర్లు తీసినవాళ్లకు బీటా కిరణాలతో చేతులు కాలాయి. అందుకే పొడవాటి పట్టకారుతో తీసి, రెండు సంచుల్లో కట్టి దూరంగా పెట్టండి.

కవరాల్, రెండు జతల గ్లౌజులు, రెస్పిరేటర్ వేసుకుని, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కకట్టే టీఎల్‌డీ బ్యాడ్జిని లోపల ఛాతీ మీద పెట్టుకోండి. మే నెలలో ఈ తొడుగుల్లో రేడియేషన్ కన్నా ముందు వడదెబ్బ కొడుతుంది. హద్దు లోపల నీళ్లు తాగకూడదు కాబట్టి ముందే తాగి, ఎండ ముదరకముందే చిన్న చిన్న వంతులుగా దిగండి.

సబ్బునీళ్ల గుడ్డతో పైనుంచి కిందికి, ఒకే దిక్కుకు తుడవండి. ప్రతిసారీ గుడ్డ మడత మార్చాలి, లేకపోతే తీసిన మురికే మళ్లీ పూసినట్టు. ప్రెషర్ వాషర్ వద్దు, దుమ్మును సందుల్లోకి తోస్తుంది. కింద టార్పాలిన్ పరిచి, అంచులకు ఇసుక బస్తాలు ఎత్తుపెట్టి, నీళ్లన్నీ డ్రమ్ముల్లోకి పట్టండి. కాలవలోకి వదిలితే పక్కనున్న రొయ్యల చెరువుల్లోకే పోతాయి.

బయటికొచ్చేటప్పుడు పై గ్లౌజులు, బూట్ల తొడుగులు, కవరాల్, మాస్కు, చివరికి లోపలి గ్లౌజులు విప్పండి. కవరాల్‌ను లోపలివైపు బయటికొచ్చేలా చుట్టాలి. చేతులు, అరికాళ్లు మీటరుతో చూసుకుని సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడుక్కోండి. పీచుతో రుద్దొద్దు, చర్మం గీరుకుంటే దుమ్ము లోపలికి దిగుతుంది.

ఆఖరున హెలికాప్టర్ రేకును 100 చదరపు సెంటీమీటర్ల మేర ఫిల్టర్ కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని కొలవండి. కాగితం మీద ఏమీ రాకపోయినా రేకు దగ్గర మీటరు మోగుతుంటే, అది అతుక్కుపోయిన మురికి. పెయింట్ గీకకుండా ఆ చోటు చుట్టూ గీత గీసి ఆఫీసర్‌కు చూపండి.