ట్రీ వ్యూలో విండోస్ సొంత ఐకాన్లు

కడప జిల్లా భూముల కాగితాలు చూపే అప్లికేషన్ రాస్తున్నారనుకోండి. ఎడమవైపు ట్రీ వ్యూలో, అంటే కొమ్మల్లా విప్పి మూసే జాబితాలో, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఫోల్డర్లు. విప్పితే పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లు. వీటికి బొమ్మలు మీరు గీయక్కర్లేదు, విండోస్ దగ్గరే ఉన్నాయి.

ముందు కామ్‌ను (COM, విండోస్ భాగాలు ఒకదాన్నొకటి వాడుకునే ఏర్పాటు) ఇనిషియలైజ్ చేసి, ఫైలు వివరాలు చెప్పే ఎస్‌హెచ్‌గెట్‌ఫైల్‌ఇన్ఫో (SHGetFileInfo) ఫంక్షన్‌ను సిస్‌ఐకాన్‌ఇండెక్స్, స్మాల్‌ఐకాన్ ఫ్లాగులతో, అంటే ఏం కావాలో చెప్పే గుర్తులతో, పిలవండి. అది తిరిగిచ్చేది సిస్టమ్ ఇమేజ్ లిస్ట్ హ్యాండిల్, అంటే విండోస్ దగ్గరున్న ఐకాన్ల జాబితాను సూచించే గుర్తు. సెట్‌ఇమేజ్‌లిస్ట్ మెసేజ్‌తో దాన్ని ట్రీకి ఒక్కసారి తగిలిస్తే చాలు. తర్వాత ప్రతి నోడ్‌కూ (ట్రీలోని ఒక్కో అంశానికీ), ఆ ఫైలుకు అదే ఫంక్షన్ ఇచ్చిన ఇండెక్స్ నంబరును, అంటే లిస్ట్‌లో బొమ్మ వరుస సంఖ్యను, మామూలు బొమ్మకూ, సెలెక్ట్ అయినప్పటి బొమ్మకూ రెండింటికీ ఇవ్వాలి. రెండోది మరిచారో, ప్రొద్దుటూరు మీద క్లిక్ చేయగానే ఫోల్డర్ పోయి సున్నా నంబరు బొమ్మ ప్రత్యక్షమవుతుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఆ లిస్ట్‌ను మాత్రం డిస్ట్రాయ్ చేయకండి, అది సిస్టమ్ సొత్తు. ఐకాన్ ఫ్లాగుతో విడి ఐకాన్ తీసుకుంటే మాత్రం డిస్ట్రాయ్‌ఐకాన్ పిలవడం మీ బాధ్యతే. లేదంటే హ్యాండిళ్లు పేరుకుపోతాయి. ఒక ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ఒక ప్రోగ్రామ్‌కు, మామూలు పరిమితి 10,000.

ఫైళ్లు నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే యూజ్‌ఫైల్‌అట్రిబ్యూట్స్ ఫ్లాగు కలపండి. డిస్కును తాకకుండా ఎక్స్‌టెన్షన్‌ను బట్టే చెబుతుంది. ఫోల్డర్లకు డైరెక్టరీ అట్రిబ్యూట్ తప్పక పంపాలి, లేకుంటే పులివెందుల ఉత్త తెల్లకాగితంలా కనిపిస్తుంది. ఈఎక్స్‌ఈలకు, షార్ట్‌కట్‌లకు ఈ కిటుకు పనికిరాదు. వాటిలో ఏ ఫైలు బొమ్మ దానిదే.