లైబ్రరీ షీటులో నేను పడ్డ తిప్పలు: సమస్యలు - పరిష్కారాలు

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయం. పొద్దున్నే పేపర్లకు వచ్చే పెద్దవాళ్లు, తర్వాత గ్రూప్స్‌కీ కానిస్టేబుల్‌కీ చదివే పిల్లలు, తలుపు తీసేదీ పుస్తకం ఇచ్చేదీ తాళం వేసేదీ నేనొక్కదాన్నే. యాక్సెషన్ రిజిస్టర్లకు (వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరిచ్చి రాసేవి) చెద పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కిద్దామని మొదలుపెట్టి, అదే ఊపులో ఇంటి లెక్కలు కూడా ఆన్‌లైన్లో పెట్టేశాను. కోహా, ఈ-గ్రంథాలయ లాంటి అసలైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, పెద్ద లైబ్రరీకి అవే సరి. ఒక్క మనిషి నడిపే చోట గూగుల్ షీట్స్ చాలని నా లెక్క. కాకపోతే దాని తిక్కలు దానికున్నాయి. మీకు ఏది ఎదురైతే అక్కడికి పోండి.

ఒక్క రోజు ఆలస్యానికి 208 రోజులు చూపిస్తోంది

డిసెంబర్ 6న ఒక పెద్దాయన పుస్తకం తెచ్చి ఇచ్చారు. గడువు దాటి ఒక్క రోజు. షీటులో ఎర్రగా 208 అని పడింది. "ఇదేటమ్మా, మొన్న గదా పట్టుకెళ్లాను" అన్నారాయన.

నేను గడువు 05/12 అని కొట్టాను. షీటేమో అమెరికా పద్ధతిలో ఉంది, వాళ్లకు నెల ముందు, తేదీ తర్వాత. అందుకని దాన్ని మే 12 అనుకుంది. గమ్మత్తేమిటంటే 18/12 అని కొడితే పద్దెనిమిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు, ఉత్త అక్షరాల్లా వదిలేస్తుంది, లెక్కలోకే రాదు. పట్టుకోవడం మాత్రం సులువే. మీరు అలైన్‌మెంట్ ఏమీ మార్చకపోతే తేదీలు గడిలో కుడివైపుకి ఆనుకుంటాయి, అక్షరాలు ఎడమవైపుకి. తేదీల కాలమ్‌లో కొన్ని అటూ కొన్ని ఇటూ ఉన్నాయంటే ఇదే జబ్బు.

ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ దగ్గర ఇండియా పెట్టండి. అంతటితో అయిపోయిందనుకుని నేను సంబరపడ్డాను, కాలేదు. ఒకసారి మే 12 అయిపోయింది మే 12గానే ఉంటుంది, కనబడే తీరు మాత్రం 12/05గా మారుతుంది. కాబట్టి ఇష్యూ రిజిస్టరు పక్కన పెట్టుకుని పాత తేదీలన్నీ మళ్లీ కొట్టాలి. నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది.

020 కొడితే 20 అవుతోంది, ఐఎస్‌బీఎన్ అంకెలు మింగేస్తోంది

పుస్తకాలను విషయాన్ని బట్టి నంబర్లతో విడదీసే డ్యూయీ పద్ధతిలో గ్రంథాలయ శాస్త్రం 020, విజ్ఞాన సర్వస్వాలు 030. మనకు అది అల్మారా చిరునామా, షీటుకి ఉత్త సంఖ్య, సంఖ్యకు ముందు సున్నా దండగ కదా, తీసేస్తుంది. పుస్తకాల గుర్తింపు నంబర్లలో సున్నాతో మొదలయ్యే పాత పదంకెల ఐఎస్‌బీఎన్‌లకూ ఇదే గతి. 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ని ఎక్సెల్‌లో కొడితే 9.78 తర్వాత ఈ ప్లస్ 12 అని కనిపిస్తుంది. కంగారు వద్దు, అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి, సెల్ ఫార్మాట్‌లో నంబర్ ఎంచుకుని దశాంశాలు సున్నా చేస్తే బయటికొస్తాయి. అలా కనిపిస్తుండగా మాత్రం కామాలతో విడగొట్టిన ఉత్త అక్షరాల ఫైలు, అంటే సీఎస్‌వీగా సేవ్ చేయకండి. కనబడిందే ఫైల్లోకి వెళ్తుంది, మిగతా అంకెలు ఇక రావు.

నంబర్లు ఎక్కించక ముందే కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి ఫార్మాట్‌ని ప్లెయిన్ టెక్స్ట్ చేసుకోండి. తర్వాత చేస్తే పోయిన సున్నా తిరిగి రాదు.

తెలుగంతా పిచ్చిరాతలా కనిపిస్తోంది

ఇది రెండు రకాలు, రెండిటికీ మందు ఒకటి కాదు. నెత్తి మీద గీతున్న ఇంగ్లిష్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇవే వరసగా కనిపిస్తుంటే మీ ఫైలుకేం కాలేదు. సీఎస్‌వీని నేరుగా ఎక్సెల్‌లో తెరిచారంతే. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెచ్చి ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి.

అలా కాకుండా మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు కలగాపులగంగా ఉంటే అది అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్. మా దగ్గర ఎప్పుడో టైపు కొట్టించిన జాబితా ఒకటి అలాగే ఉంది. ఆ ఫాంట్ వేస్తే కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం ఇంగ్లిష్ ముక్కలే, వెతికితే ఏదీ దొరకదు. అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక వత్తులు ఒక్కోసారి పక్క అక్షరానికి అంటుకుపోతాయి, ఒకసారి చదువుకోవాలి.

పుస్తకం బీరువాలో ఉంది, వెతికితే లేదంటోంది

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఒక కుర్రాడు కథకుడు కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) పుస్తకాలేమున్నాయని అడిగాడు. వెతికితే రెండు వచ్చాయి. బీరువా తీస్తే ఏడు. శ్రీకాకుళంలో ఉంటూ, 1997లో ఆయన తెలుగు కథల కోసం పెట్టిన గ్రంథాలయం కథానిలయం ఇదే ఊళ్లో ఉండగా, కారా పుస్తకం దొరకలేదంటే పరువు పోయినట్టే కదా!

షీటు చూస్తే ఆయన ఐదు రూపాల్లో ఉన్నారు: కాళీపట్నం రామారావు, రామారావు కాళీపట్నం, కారా, కా.రా., ఐదోది మళ్లీ మొదటి పేరే గానీ రెండు మాటల మధ్య రెండు ఖాళీలు. అన్నీ నా చేతి చలవే. చాసో ఒక చోట, చాగంటి సోమయాజులు ఇంకో చోట. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి విడివిడిగా. గురజాడ అప్పారావు ఒక వరుసలో, గురజాడ వేంకట అప్పారావు ఇంకో వరుసలో. ఒకే మనిషని మనకు తెలుసు, షీటుకెలా తెలుస్తుంది?

నేను చేసింది చెప్తాను. ముందు డేటా మెనూలోని డేటా క్లీనప్‌తో అదనపు ఖాళీలు తీసేశాను. తర్వాత ఇంకో ట్యాబ్‌లో రచయితల జాబితా రాశాను, ఒక్కో మనిషికి ఒక్కటే పేరు, పక్క గడిలో మిగతా పేర్లన్నీ. అసలు షీటులో రచయిత కాలమ్‌కి డేటా వాలిడేషన్‌తో ఆ జాబితానే డ్రాప్‌డౌన్‌గా పెట్టి, జాబితాలో లేని పేరు కొడితే తీసుకోవద్దని టిక్ పెట్టాను. ఇప్పుడు నేను కొట్టను, ఎంచుకుంటాను.

అయినా కొన్ని దొరకలేదు. షేక్‌స్పియర్ లాంటివి. ఫోన్ కీబోర్డు ఒకటి పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు పెడుతుంది, ఇంకో కీబోర్డు పెట్టదు. పేరు చివర ఉంటే రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కి మాత్రం వేరు. ఇలాంటప్పుడు పూర్తి పేరు వద్దు, పొల్లు లేని మొదటి ఒకటి రెండు అక్షరాలు చాలు.

గూగుల్ ఫారం పంపితే పాఠకులకు తెరుచుకోవట్లేదు

ఫారం సెట్టింగ్స్‌లో ఒక మనిషికి ఒకే జవాబు అని టిక్ ఉంటుంది, లేదా ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టి ఉంటారు. రెండిట్లో ఏదున్నా గూగుల్ లాగిన్ అడుగుతుంది. తీసేయండి. "మేడం, పాస్‌వర్డ్ ఏటో గుర్తులేదండి" అనే ఫోన్లు తగ్గుతాయి.

స్టోరేజీ నిండిందంటోంది, లైబ్రరీ ఫైళ్లేమో చిన్నవే

నా సొంత జీమెయిల్‌తోనే లైబ్రరీ పని నడిపాను. ఉచితంగా వచ్చే 15 జీబీ మెయిల్‌కీ డ్రైవ్‌కీ ఫొటోలకీ కలిపి ఒకటే, మా మేనకోడలి పెళ్లి వీడియోలే సగం తినేశాయి. ఇంకో ప్రమాదం కూడా జరిగింది. కొత్త పుస్తకాల లింకు అనుకుని మా ఇంటి పాల లెక్క పాఠకుల గ్రూపులో పెట్టాను, రెండు గంటల దాకా చూసుకోలేదు, ఈలోగా ఒకాయన లీటరు ఎంతకు పోయించుకుంటున్నారమ్మా అని అడిగారు.

లైబ్రరీకి వేరే అకౌంట్ తెరవండి, క్రోమ్‌లో దానికి వేరే ప్రొఫైల్, వేరే రంగు. రికవరీ ఫోన్ నంబర్ ఎవరిదో రిజిస్టర్లో రాసిపెట్టండి. రేపు ట్రాన్స్‌ఫర్ అయితే ఓటీపీ మీ ఫోన్‌కొస్తుంది, కొత్తగా వచ్చినవాళ్లు బయట నిలబడతారు.

పాత పుస్తకం ఫొటో తీస్తే తెలుగు తప్పులొస్తున్నాయి

ఫొటోని డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుస్తుంది. 2 ఎంబీ లోపు, నిటారుగా, ఒక పేజీ మాత్రమే ఉండాలి. పాత అచ్చులో అరసున్నలు, వలపలగిలకలు (ముందున్న ర్‌కు బదులు అక్షరం పక్కన వేసే పాత గుర్తు) ఉంటే తప్పులు తప్పవు, వాటిని కూర్చుని దిద్దుకోవాల్సిందే. అమ్మ చేతిరాతలో ఉన్న పెళ్లిపాటల నోటుబుక్కుకి ఇది పనికిరాలేదు నాకు. ఫోన్లో వాయిస్ టైపింగ్ పెట్టి అమ్మ చేతే చదివించాను, పాడితే తీసుకోలేదు, మామూలుగా చదివితే చాలావరకు సరిగ్గా వచ్చింది.

నెట్ లేదు

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసినవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. క్రోమ్‌లో డ్రైవ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆఫ్‌లైన్ ఆన్ చేసుకోండి, నెట్ ఉన్నప్పుడే చేయాలి. కరెంటూ లేనప్పుడు ఇష్యూ రిజిస్టరే. నేను దాన్ని ఇప్పటికీ మానలేదు, అందులో తేదీ పక్కన నెల పేరు అక్షరాల్లో రాస్తాను.