సస్పెన్స్ చెడకుండా పుస్తకం చదవడం, చేతికివ్వడం

"అన్నా, మంచి సస్పెన్స్ బుక్కు ఒకటి చెప్పన్నా" అని తిరుపతి యూనివర్సిటీ హాస్టల్లో ఒక కుర్రాడు అడుగుతాడు. "రిటైరయ్యాక పొద్దు పోవడంలేదు, థ్రిల్లర్ ఏదైనా ఉంటే ఇవ్వు నాయనా" అని చిత్తూరులో ఒక పెద్దాయన అడుగుతాడు. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇస్తే, ఎవరో ఒకరు నలభయ్యో పేజీ దగ్గర మూసేస్తారు. సస్పెన్స్ అని ఒకే మాటలో అనేస్తాం గానీ అందులో మూడు ప్రశ్నలున్నాయి: ఎవరు చేశారు, ఎలా జరిగింది, ఇప్పుడేమవుతుంది. అడిగినవాళ్ళకి ఏ ప్రశ్న మీద ఆకలో కనుక్కుంటే సగం పని అయిపోయినట్టే.

మూడోదాన్ని సినిమా దర్శకుడు హిచ్‌కాక్ బాగా విడమర్చాడు. బల్ల కింద బాంబు ఉందని మనకు చెప్పకుండా పేలిస్తే 15 సెకన్ల ఉలికిపాటు. ముందే మనకు చూపించి, పాత్రల చేత కబుర్లు చెప్పిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. డిటెక్టివ్ నవలలో దాచిపెట్టడం ముఖ్యం, థ్రిల్లర్లో చూపించడం ముఖ్యం. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని ఇష్టపడేవాళ్ళూ, మధుబాబు గూఢచారి షాడోని ఇష్టపడేవాళ్ళూ ఒకటే అనుకుని పుస్తకమిస్తే దెబ్బతినేది ఇక్కడే.

ముందు మీరు చదవాలి, ఒక చీటీతో

ఎవరికైనా చెప్పాలంటే ముందు మీరు చదవాలి, అది కూడా కొంచెం పద్ధతిగా. వెనక అట్ట చదవకండి. తెలుగు నవలైతే ముందుమాట ఆఖర్న చదవండి. ముందుమాట రాసిన పెద్దలు అభిమానం కొద్దీ కథంతా చెప్పేస్తారు, వాళ్ళకు ఆ పట్టింపు ఉండదు.

పోస్టుకార్డు సైజు చీటీ ఒకటి పుస్తకంలో పెట్టుకుని నాలుగు విషయాలు రాయండి: మొదటి అనుమానం పుట్టిన పేజీ, పుస్తకం కింద పెట్టలేనని అనిపించిన పేజీ, విసుగొచ్చిన పేజీలు, కడుపులో తిప్పిన ఘట్టం. పేరూ పేజీ నంబరూ చాలు, వ్యాఖ్యానాలొద్దు. చైనా, రష్యా పేర్లున్న నవలైతే చీటీ వెనక పాత్రల పేర్లు, వావివరసలు రాసుకోండి. అరవై పేజీలయ్యాక "ఈ 'యే' అనే మనిషి ఎవరు?" అని వెనక్కి తిప్పుకునే అవస్థ తప్పుతుంది.

సైన్స్ ఫిక్షన్‌లో కొత్త పదం రాగానే ఫోన్ తీసి వెతకొద్దు. బాగా రాసిన నవలలో రెండు మూడుసార్లు వాడేసరికి సందర్భమే అర్థం చెప్పేస్తుంది. వెతికితే ప్రమాదం ఇంకోటుంది, ఆ పదంతో పాటు కథ ముగింపు కూడా తెర మీదికొచ్చేస్తుంది.

రాత్రి ఎక్కడ ఆపాలి? అధ్యాయం చివర మాత్రం ఆపకండి. అక్కడే రచయిత కొక్కెం వేసి ఉంటాడు, "ఇంకొక్కటి" అంటూ తెల్లవారుతుంది. అధ్యాయం మధ్యలో, మాటలు నడుస్తున్నచోట, వాక్యం పూర్తికాగానే మూసేయండి. నిద్రా పడుతుంది, మర్నాడు అందుకోవడమూ తేలిక.

వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన తెలుగు నవలల లెక్క వేరు. వారానికో భాగం కాబట్టి కొన్ని పేజీలకోసారి ఉలికిపాటు, తర్వాత భాగం మొదట్లో జరిగిన కథ కాస్త మళ్ళీ కనిపిస్తాయి. ఒకే బిగిన చదివితే అది సాగదీతలా తోస్తుంది. రోజుకు రెండు మూడు భాగాల చొప్పున చదివితే ఆ నడక ఎందుకు కట్టారో తెలుస్తుంది. ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాట చెబితే చాలామంది మధ్యలో వదిలేయరు.

అబద్ధం ఎక్కడుందో చూడండి

సైన్స్ థ్రిల్లర్‌ని తూచడానికి పనికొచ్చే తక్కెడ ఇదొక్కటే: కథను మొదలుపెట్టడానికి ఒక అబద్ధం ఆడొచ్చు, కథను ముగించడానికి ఆడకూడదు. డిటెక్టివ్ కథలకు ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు రాశాడు. ఎవరికీ తెలియని విషమూ, చివర్లో పొడుగాటి సైన్స్ వివరణ కావలసిన యంత్రమూ వాడకూడదన్నది అందులో ఒకటి. సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదని అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ అన్నాడు. చిక్కు వచ్చినప్పుడల్లా జేబులోంచి కొత్త యంత్రం తీయొచ్చు కదా అన్నది అలాంటి కథల మీదున్న అనుమానం. దానికి సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ జవాబు 1954లో పుస్తకంగా వచ్చిన 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'. రోబోలు ఏం చేయగలవో, ఏం చేయలేవో ముందే చెప్పేసి, ఆ గీతల లోపలే హత్య రహస్యం విప్పాడు. యుగంధర్ అభిమానిని సైన్స్ ఫిక్షన్‌లోకి తీసుకురావడానికి ఇంతకంటే మంచి గుమ్మం లేదు.

ఆండీ వియర్ 'ది మార్షియన్'లో కథ అంగారకుడి మీద గాలిదుమారంతో మొదలవుతుంది. అక్కడ వాతావరణ పీడనం మన భూమి మీదున్నదాంట్లో నూరోవంతు కూడా లేదు, అక్కడి గాలి మనిషిని ఎగరగొట్టలేదు. రచయితకూ ఆ సంగతి తెలుసు. కానీ ఆ అబద్ధం మొదట్లోనే అయిపోతుంది, తర్వాత బంగాళాదుంపల లెక్క, నీళ్ళ లెక్క, గాలి లెక్క మీదే కథ నడుస్తుంది. అందుకే సైన్స్ చదివినవాళ్ళు కూడా క్షమిస్తారు.

తిరుపతి చుట్టుపక్కల ఆ క్షమాపణ అంత తేలిగ్గా దొరకదు, ఇక్కడ సైన్స్ పక్కనే ఉంది. తిరుపతి దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనితో గాలి కదలికలు కొలుస్తుంది. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కణ్ణుంచి రాకెట్ పడమరకు, ఊళ్ళ మీదుగా, ఎగిరిందని రాస్తే సూళ్ళూరుపేట పిల్లలే నవ్వుతారు. ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువ కక్ష్యకు వెళ్ళే పీఎస్ఎల్వీ రాకెట్ కూడా ముందు సముద్రం మీదికి ఆగ్నేయంగా వెళ్ళి, శ్రీలంక మీదుగా పోకుండా ఆ తర్వాతే దక్షిణానికి వంగుతుంది. ఇలాంటి తప్పు కనబడితే అది కథకు అవసరమైన తప్పా, బద్ధకంతో జరిగిన తప్పా చీటీ మీద రాసుకోండి. రెండో రకమైతే సైన్స్ విద్యార్థులకు ఆ పుస్తకం చెప్పకండి.

అడిగినవాళ్ళను మీరు అడగాల్సినవి

"మీకేం ఇష్టం?" అంటే జవాబు రాదు. మధ్యలో వదిలేసిన పుస్తకం ఏది, ఎక్కడ వదిలేశారు అని అడగండి. "సైన్సు ఎక్కువైంది" అంటే ఒక దారి, "ముందే తెలిసిపోయింది" అంటే ఇంకో దారి.

ఎప్పుడు చదువుతారో కనుక్కోండి. తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్లు, బస్సు కుదుపుల్లో యాభై పేజీలైతే గొప్ప. రోజూ ఆ దారిన తిరిగేవాళ్ళకు చిన్న అధ్యాయాల నవలలు కావాలి. సికింద్రాబాద్ రాత్రి రైల్లో పై బెర్తు దొరికినవాళ్ళకు మూడు నాలుగు గంటలు కదలకుండా దొరుకుతాయి, నిదానంగా పట్టు బిగించే పుస్తకం ఇవ్వచ్చు.

ఏది తట్టుకోలేరో కూడా అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు. యండమూరి 'తులసిదళం'లో చేతబడి చిన్నపాప మీద. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో చెప్పకుండా ఇవ్వకండి. ఆపరేషన్‌కొచ్చిన రోగులు కోమాలోకి పోయే రాబిన్ కుక్ 'కోమా' మెడికల్ విద్యార్థులకు భలే నచ్చుతుంది, వచ్చే వారం ఆపరేషన్ ఉన్నవాళ్ళకు మాత్రం వద్దు.

వరుస తప్పితే మంచి పుస్తకం కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. 2015లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది కదా అని లియు సిషిన్ 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్' మొదటి పుస్తకంగా ఇచ్చేవాళ్ళున్నారు. ఇంగ్లీషు అనువాదం చైనా సాంస్కృతిక విప్లవంతో మొదలవుతుంది, అంతరిక్షం కోసం తెరిచినవాడు ఇదేదో చరిత్ర పాఠమనుకుని మూసేస్తాడు. యండమూరి 'చీకట్లో సూర్యుడు', తర్వాత 'ది మార్షియన్', ఆ తర్వాత ఇది. ఇచ్చేటప్పుడు "ముందు చరిత్ర ఉంటుంది, దానికి పని ఉంది" అనండి.

చెప్పేటప్పుడు మూడు వాక్యాలు

ఎవరు, ఏ చిక్కులో, ఏ ప్రశ్న. పుస్తకంలో ఎనిమిదోవంతు దాటిన సంగతి ఏదీ నోట రాకూడదు. ఇలా: "అంగారకుడి మీదికి వెళ్ళిన బృందం, ఒకడు చనిపోయాడనుకుని వదిలేసి వచ్చేసింది. వాడు బతికే ఉన్నాడు. తర్వాతి నౌక వచ్చేదాకా తిండీ నీళ్ళూ సరిపెట్టుకోగలడా?" అంతే, ఆపేయండి.

"చివర్లో ట్విస్ట్ ఉంది చూడు, అదిరిపోతుంది" అనడం కథ చెప్పేయడంతో సమానం. విన్నవాడు మొదటి పేజీ నుంచే అందర్నీ అనుమానిస్తాడు, కనిపెట్టేస్తాడు, "ఓస్ ఇంతేనా" అని మీకే తిప్పి ఇస్తాడు. ట్విస్టుకు బదులు పేజీ నంబరు చెప్పండి: "అరవై దాకా ఓపిక పట్టు, ఆ తర్వాత అదే లాక్కెళుతుంది." మీ చీటీ పనికొచ్చేది ఇక్కడే.

నలుగురు కలిసి చదువుతుంటే, మాట్లాడే ముందు ఎవరు ఏ పేజీలో ఉన్నారో అడగండి. అందరికంటే వెనకున్నవాళ్ళ పేజీ దాకానే చర్చ. ముందున్నవాళ్ళు నవ్వకూడదు కూడా, ఆ నవ్వే హంతకుణ్ణి పట్టిస్తుంది.

పాత పుస్తకమైతే

సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు పేజీ నంబర్లు చూడండి. పుస్తకాలు ఎక్కువగా పదహారు పేజీల ఫారాలుగా కుడతారు కాబట్టి ఊడితే ఒక్క పేజీ పోదు, ఫారం మొత్తం పోతుంది. చివరి పేజీలు చూసేటప్పుడు అక్షరాల మీద అరచెయ్యి అడ్డం పెట్టి మూలనున్న అంకె మాత్రమే చూడండి. వారపత్రికల్లోంచి చించి బైండు చేయించిన సీరియళ్ళయితే ప్రతి భాగం తేదీ సరిచూడాలి, ఒక వారం తప్పినా ముడి ఎక్కడ పడిందో తెలియదు. మొదటి పేజీలో పెన్సిలు రాతలుంటే చదవకుండా ముందు రబ్బరుతో చెరిపేయండి. అద్దె పుస్తకాల కాలం నుంచీ హంతకుడి పేరు అక్కడ రాసి ఆనందించేవాళ్ళు ఉండనే ఉన్నారు.