పాత క్యాసెట్ల శుద్ధికి ఏ సాఫ్ట్‌వేర్?
కోనసీమ తేమకు పాడవుతున్న హరికథ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించదలచినవారు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనవలసిన అవసరం లేదు. ఉచితంగా లభించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, భాగవతార్ గొంతు విప్పకముందు టేపు బుస మాత్రమే వినిపించే ఒకటి రెండు సెకన్ల భాగాన్ని ఎంచి, అనవసర శబ్దాన్ని తగ్గించే నాయిస్ రిడక్షన్‌కు దానినే నమూనాగా ఇచ్చి, తరువాత మొత్తం రికార్డింగును ఎంచుకొని 6 నుంచి 12 డెసిబెల్స్ మాత్రమే తగ్గించండి. అంతకు మించితే చిరతల మోత మొద్దుబారి, గాత్రం నీళ్లలోంచి వస్తున్నట్లు వినిపిస్తుంది. ఆ కాస్త బుస మిగిలినా ఫరవాలేదు, గొంతులోని జీవం పోకూడదు.

గాత్రం, హార్మోనియం, మృదంగం వేర్వేరు ట్రాకులుగా ఉన్న కొత్త రికార్డింగులను కలిపి కూర్చే మిక్సింగుకు రీపర్ అనే సాఫ్ట్‌వేర్ మేలు. దానిని 60 రోజులు ఉచితంగా వాడి చూశాకే కొనవచ్చు. ఏది వాడినా, శుద్ధి చేయని మూలప్రతిని 24 బిట్ వేవ్ (WAV) ఫైలుగా విడిగా భద్రపరచండి.