ఉప్పునీళ్ళ చేప ఒంటి మీద తెల్లగా ఏదో వచ్చిందా? మందు సీసా మూత తీసే ముందు ఇది చదవండి

అనంతపురంలో సముద్రం చేపలు పెంచేవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నాం, ఆ కొద్దిమందీ ఏదో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి అడిగేది ఒకటే, అన్నా చేప మీద తెల్లగా వచ్చింది ఏం మందు వేయాల అని. నేను ఎదురు అడిగేదీ ఒకటే, ఊపిరి ఎట్లా తీస్తాంది అని. అవతల చప్పుడు ఉండదు, ఎవరూ చూసుండరు కదా, అందరి కళ్ళూ ఆ చుక్క మీదే. తెల్లగా కనపడే జబ్బులు నాలుగైదు ఉన్నాయి, ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు, పనికిరాకపోగా చంపుతుంది కూడా. నేను అట్లా చంపినోడినే, ఆ కథ కింద చెప్తా.

కాబట్టి ముందు పది నిమిషాలు కుర్చీ వేసుకుని కూర్చోండి. మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టండి, బాగున్న రోజుల్లోనే ఒకసారి లెక్కపెట్టి రాసి పెట్టుకుంటే ఇప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది. తిండి వేసి తింటోందా లేదా చూడండి. తర్వాత ట్యాంక్‌లో నీలం లైట్, రూంలో లైట్ రెండూ ఆర్పేసి ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా కొట్టండి, ఎదురుగా కొడితే ఏమీ కనపడదు. నీళ్ళు మార్చిన గంటలోపు కనపడే చుక్కల్ని నమ్మొద్దు, సన్న గాలి బుడగలు చర్మానికి అంటుకుని అచ్చం చుక్కల్లాగే మెరుస్తాయి. ఇసుకలో పడుకునే చేపకి ఇసుక రేణువులు అంటుకుని ఉంటాయి. రాత్రిపూట కొన్ని చేపలు రంగు పాలిపోయి మచ్చలు మచ్చలుగా అవుతాయి, లైట్ వేసిన అరగంటకి మామూలైపోతాయి. అమ్మోనియా, టెంపరేచర్ కూడా చూసేయండి, ఏప్రిల్ మేలో మన ఊళ్ళో నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేని ట్యాంక్ 31, 32 డిగ్రీలకి పోతుంది, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది కాబట్టి ఏ జబ్బూ లేకపోయినా చేప రొప్పుతుంది.

ఉప్పు చల్లినట్టు చుక్కలు ఉన్నాయి, తిండి మాత్రం తింటోంది

విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలయ్యేటట్టు, కల్లుప్పు చిదిపితే వచ్చే రేణువంత చుక్కలు రెక్కల మీద ఒంటి మీద ఉంటే ఇది మెరైన్ ఇక్. చేసేది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. బ్లూ ట్యాంగ్ అనే చేపకి ఇది ఎట్లా వస్తుందంటే పెళ్ళింటికి చుట్టాలు వచ్చినట్టు, మాండరిన్ లాంటి జిగురు మందంగా ఉండే చేపలకి తక్కువ.

దీని బతుకు తెలిస్తేనే మందు అర్థమవుతుంది. చేప మీద అది 3 నుంచి 7 రోజులు ఉంటుంది, అప్పుడే మనకి చుక్క కనపడేది. తర్వాత రాలిపోయి ఇసుకలోనో రాయి మీదనో తిత్తి కట్టుకుంటుంది, తిత్తి పగిలితే వందల్లో పిల్లలు బయటికొచ్చి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. ఇప్పుడు చూడండి, సోమవారం చుక్కలొస్తాయి, మనవాడు వెల్లుల్లి రసం కలిపి తిండి వేస్తాడు, శుక్రవారానికి చుక్కలు పోతాయి, అబ్బ వెల్లుల్లి పనిచేసిందప్పా అనుకుంటాడు. అవి రాలాల్సిన రోజుకి రాలినాయి అంతే. రెండు వారాలకి పదింతలై తిరిగొస్తాయి, ఈసారి మొప్పల్లోకి. క్లీనర్ రొయ్య కూడా దీన్ని తిని నయం చేయదు, యూవీ లైట్ కొంచెం తగ్గిస్తుంది గానీ నయం చేసేది కాదు.

ఏం చేయాలంటే చేపలన్నిటినీ, చుక్కల్లేని వాటిని కూడా, బయటికి తీసి వేరే టబ్‌లో వైద్యం చేయాలి, మెయిన్ ట్యాంక్‌ని చేప అనేది లేకుండా 76 రోజులు ఖాళీగా వదలాలి. ఎందుకు అన్ని రోజులంటే తిత్తి 72 రోజుల దాకా పగలకుండా ఉండి తర్వాత పగిలింది ల్యాబుల్లో చూసినారు. పగడాలు, నత్తలు, రొయ్యలు అందులోనే ఉండొచ్చు. గోబీ అనే చిన్న చేప ఒక్కదాన్ని పట్టుకోలేక వదిలేసినా ఈ 76 రోజులూ వేస్టే.

టబ్‌లో మూడు దారులున్నాయి. ఒకటి కాపర్ మందు, దాని కొలతలు కింద చెప్తా. రెండోది మందే లేకుండా టబ్బులు మార్చడం, ప్రతి 72 గంటలు కాకముందే చేపని కొత్త నీళ్ళున్న ఇంకో టబ్‌లోకి వేయాలి, ఇట్లా నాలుగు సార్లు. రాలిన తిత్తి పగిలేలోపు చేప అక్కడ ఉండదు, అదీ కిటుకు. పాత టబ్బూ, ఎయిర్ స్టోనూ, వలా కడిగి పూర్తిగా ఎండబెట్టాలి, ఈ ఒక్క విషయంలో మన ఊరి ఎండ వరం, మిద్దె మీద బోర్లిస్తే మధ్యాహ్నానికి ఎండిపోయి గలగలలాడుతుంది. ఉప్పు ఖర్చు మాత్రం బాగా అవుతుంది. మూడోది నీళ్ళలో ఉప్పు తగ్గించడం, ఉప్పు ఎంతుందో చెప్పే అంకె స్పెసిఫిక్ గ్రావిటీ, దాన్ని 1.009 కి రెండు రోజుల్లో మెల్లగా దించి నెల రోజులు అక్కడే పెట్టడం. 1.011 దగ్గర ఆగిపోయి పెట్టినాను అంటే కుదరదు, ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ని ఇక్కడ నమ్మొద్దు, రిఫ్రాక్టోమీటర్ కావాల్సిందే. పైకి ఎక్కించేటప్పుడు ఇంకా మెల్లగా, వారం పట్టినా పర్లేదు. దీన్ని కాపర్‌తో కలిపి చేయొద్దు.

పౌడర్ జల్లినట్టు ఉంది, లెక్కపెట్టేకి రాదు, పంపు ముందరే నిలబడింది

ఇది చదువుతున్నప్పుడే మీ చేప ఇట్లా ఉంటే మిగతాది తర్వాత చదవండి, ముందు టబ్ రెడీ చేయండి. ఇది వెల్వెట్, అమైలూడినియం అనే జీవి చేసే జబ్బు. టార్చ్ పక్క నుంచి కొడితే ఒంటి మీద ముఖానికి రాసుకునే పౌడర్ పలచగా జల్లినట్టు, కొంచెం బంగారు రంగు తిరిగినట్టు కనపడుతుంది. చాలాసార్లు అది కూడా కనపడదు, ఎందుకంటే ముందు మొప్పల్లోకి పోతుంది, చర్మం మీదికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. తిండి మానేయడం, వెలుతురుకి దూరంగా పోవడం, నీళ్ళ ధార ఎక్కడుంటే అక్కడ నోరు తెరిచి నిలబడి గబగబా రొప్పడం, ఈ మూడూ కలిసి కనపడితే నేను చుక్కల కోసం వెతకను. నిన్న బాగున్న చేప రేపటికి ఉండకపోవచ్చు, ఇక్ అయితే వారాలు టైం ఇస్తుంది, ఇది రెండు మూడు రోజులు ఇస్తే గొప్ప.

ముందు మంచినీళ్ళ ముంచుడు (ఎట్లా చేయాలో కింద పురుగుల దగ్గర చెప్తా) ఐదు నిమిషాలు, దాంతో కొన్ని పురుగులు రాలి ఊపిరి కొంచెం తేలికవుతుంది, నయం కాదు. అక్కడి నుంచి నేరుగా కాపర్ టబ్‌లోకి. ఉప్పు తగ్గించే పద్ధతి దీనికి పనికిరాదు, బాగా పలచటి నీళ్ళలో కూడా ఇది బతుకుతుంది. టబ్బులు మార్చడం కూడా దీనికి కాదు. మెయిన్ ట్యాంక్ 6 వారాలు ఖాళీగా ఉంచాలి, నేనైతే ఎలాగూ ఖాళీ చేశాం కదా అని 76 రోజులూ ఆగుతా, రెండూ కలిసి వచ్చిన ట్యాంకులు చూశాను.

క్లౌన్ ఫిష్, ఒంటి మీద చీమిడిలాంటి తెల్ల పొర, తోలు ఊడినట్టు

నేను చంపింది దీన్నే. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో కవర్లో జత క్లౌన్లు తెప్పించుకున్నా, అమ్మినాయన ఆరోగ్యంగా ఉన్నాయన్నాడు, నేనూ అట్లే ట్యాంక్‌లో వదిలేశా. మూడో రోజు ఒకదాని వీపు మీద మైదా జావ పూసినట్టు పొర, పక్కన చూస్తే ఆ పొర పోగులు పోగులుగా వేలాడుతోంది, ఆరెంజ్ రంగు బూడిద పట్టింది. వెల్వెట్ అనుకుని కాపర్ వేశా. తెల్లారేసరికి ఒకటి, సాయంత్రానికి రెండోది. అది బ్రూక్లినెల్లా అనే జబ్బు, కాపర్‌కి లొంగదు.

తేడా పట్టేది ఇట్లా, వెల్వెట్ పొడిగా దుమ్ములా ఉంటుంది, ఇది తడిగా జిగటగా దళసరిగా ఉంటుంది. సముద్రంలో పట్టుకొచ్చిన క్లౌన్లకి ఎక్కువ, తమిళనాడు మండపంలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర చేపల పరిశోధనా సంస్థ) వాళ్ళు క్లౌన్లని హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో తెచ్చినారు కాబట్టి అడిగి హేచరీ పిల్లల్నే కొనండి.

మందు ఫార్మలిన్. 37 శాతం ఫార్మలిన్ 10 లీటర్ల ఉప్పునీళ్ళకి 1.5 ఎంఎల్, సిరంజితో కొలిచి, గాలి గట్టిగా పెట్టి 30 నుంచి 45 నిమిషాలు, చేప పక్కకి ఒరిగితే గడియారం చూడకుండా తీసేయడమే. పుస్తకాల్లో దీనికంటే ఎక్కువ డోస్ కూడా ఉంటుంది గానీ అది చల్లటి నీళ్ళకి, మన వేడికి వద్దు, ఫార్మలిన్ ఆక్సిజన్‌ని కూడా లాగేస్తుంది. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటే అది పాడైంది, వాడొద్దు. చేతికి గ్లౌజులు, గది బయట వరండాలో చేయండి, పిల్లలు ఉన్న ఇంట్లో సీసాకి తాళం వేయండి, ఇది శవాలు చెడిపోకుండా వాడే మందు. స్నానం అయ్యాక పాత టబ్‌లోకి కాదు, కొత్త నీళ్ళున్న టబ్‌లోకి వేయాలి, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

రాళ్ళకి గోక్కుంటోంది, కన్ను మసకబారింది, చుక్కలేమీ లేవు

చర్మపు పురుగులు, నియోబెనెడెనియా లాంటివి. అద్దంలా పారదర్శకంగా ఉంటాయి కాబట్టి ఒంటి మీద పది ఉన్నా కనపడవు. కనపడేలా చేసేది మంచినీళ్ళ ముంచుడే, పరీక్షా అదే, తాత్కాలిక వైద్యమూ అదే.

నల్లటి అడుగున్న గిన్నె తీసుకోండి, నేను పాత నాన్‌స్టిక్ గిన్నె ఒకటి దీనికే పెట్టుకున్నా, ఇంట్లోవాళ్ళు దాన్ని మళ్ళీ పొయ్యి మీదికి రానివ్వరు. ఆర్వో నీళ్ళు పోసి గంట గాలి పట్టించి, చిటికెడు వంటసోడాతో పీహెచ్‌ని ట్యాంక్‌కి సమానం చేసి, వేడి కూడా సమానం చూసి చేపని వదలండి. బోరు నీళ్ళు వద్దు, మున్సిపాలిటీ నీళ్ళు అస్సలు వద్దు, క్లోరిన్ ఉంటుంది. మొదట చేప గిలగిలా కొట్టుకుని తర్వాత అడుగున కదలకుండా కూర్చుంటుంది, భయపడొద్దు, ఊపిరి చూస్తూ ఉండండి. రెండో నిమిషం నుంచి ఒంటి మీద అక్కడక్కడా పాలరంగు మచ్చలు తేలతాయి, పురుగులు మంచినీళ్ళకి తెల్లబడుతున్నాయి అన్నమాట, ఐదో నిమిషానికి ఒక్కొక్కటే ఊడి నల్లటి అడుగు మీద నువ్వుగింజల్లా పడతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు రెండు రోజులు నువ్వుల ఉండ తినబుద్ధి కాలేదు.

అసలు మందు ప్రాజిక్వాంటెల్, లీటరుకి 2.5 మిల్లీగ్రాములు, అంటే 100 లీటర్లకి 250. గుడ్ల మీద ఇది పనిచేయదు కాబట్టి వారం తర్వాత రెండో డోస్ తప్పనిసరి, చాలామంది ఒకసారి వేసి ఆపేసి మందు మంచిది కాదంటారు. కుక్కలకి వేసే నట్టల మాత్రలో ప్రాజిక్వాంటెల్ ఉంటుంది గానీ చాలావాటిలో వేరే మందులు కూడా కలిపి ఉంటారు, అవి వద్దు.

మిగతావి

క్రోమిస్ అనే చేప ఒంటి పక్కన ఎర్రటి పుండు, పొలుసులు లేచి రక్తం కనపడేలా ఉంటే యురోనెమా అనే జబ్బు కావచ్చు, ఫార్మలిన్‌తో ప్రయత్నించండి గానీ పుండు లోతైతే బతికేవి తక్కువ. రెక్క చివర కాలీఫ్లవర్ ముక్కలా గడ్డ ఉండి చేప హాయిగా తింటుంటే లింఫోసిస్టిస్, వైరస్, మందు లేదు, అక్కర్లేదు కూడా, మంచి తిండి వేసి వదిలేయండి. ట్యాంగ్ తల మీద గుంటలు పడుతుంటే అది అంటుకునేది కాదు, ఆకుపచ్చ తిండి పెంచండి, యాక్టివేటెడ్ కార్బన్ వాడుతుంటే తీసి చూడండి. రెక్కలు చివికి అంచు ఎర్రబడితే బ్యాక్టీరియా, ముందు నీళ్ళు మార్చండి, దాని వెనక పైన చెప్పిన పురుగుల్లో ఏదో ఒకటి ఉందేమో కూడా చూడండి.

టబ్ సంగతి

40, 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్ చాలు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, మెయిన్ ట్యాంక్ సంప్‌లో (ఫిల్టర్ తొట్టిలో) ముందే నానబెట్టి పెట్టుకున్న స్పాంజ్ ఫిల్టర్, హీటర్ మన దగ్గర డిసెంబర్ జనవరిలో తప్ప పెద్దగా అక్కర్లేదు. ఇసుక, రాళ్ళు వేయొద్దు, అవి కాపర్‌ని పీల్చేస్తాయి. కాపర్ ఎప్పుడూ మెయిన్ ట్యాంక్‌లో వేయొద్దు, పగడాలు, రొయ్యలు, నత్తలు ఏదీ మిగలదు.

కాపర్ రెండు రకాలు, మామూలు అయానిక్ అయితే లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు, కీలేటెడ్ అయితే 2 నుంచి 2.5. ఈ రెండు అంకెలు తారుమారై అయానిక్‌ని 2 దాకా వేస్తే చేప ఒక్క పూటలో పోతుంది, అందుకే సీసా మీద ఏ రకమో చదవండి, టెస్ట్ కిట్ కూడా ఆ రకాన్ని కొలిచేదే కొనండి. రెండు మూడు రోజుల్లో మెల్లగా ఎక్కించి ఆ తర్వాత ఇక్‌కి అయినా వెల్వెట్‌కి అయినా మూడు నాలుగు వారాలు రోజూ కొలవాలి, ఒక్కరోజు కిందికి జారితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. కర్నూలులో ఒక తమ్ముడు అడిగినాడు, మా చీనీ తోటకి బోర్డో మిశ్రమం కలిపేకి మైలుతుత్తం తెచ్చినాం, అదీ కాపరే కదన్నా అని. కాపరే, గానీ అందులో ఇంకా ఏమేం కలిసి ఉంటాయో తెలీదు, పాయింట్ ఒకటి ఐదు కొలిచేది చిటికెలతో అయ్యే పని కాదు, అది చెట్లకే వేయండి.

కాపర్ ఉన్న నీళ్ళలో అమ్మోనియా తగ్గించే మందులు వేయొద్దు, కలిస్తే విషం పెరుగుతుంది. అమ్మోనియా ఎక్కితే అదే మోతాదు కాపర్ ముందే కలిపిన ఉప్పునీళ్ళతో మార్చండి, ఒక బకెట్ ఎప్పుడూ కలిపి పెట్టుకోండి. కరెంటు పోతే ఇక్కడ మెయిన్ ట్యాంక్ కంటే ముందు చచ్చేది ఈ టబ్బే, నీళ్ళు తక్కువ, మందు ఉంది, చేప అసలే రొప్పుతోంది. బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి టబ్ పక్కనే పెట్టి, సెల్స్ వేసి, ఒకసారి ఆన్ చేసి చూసి పెట్టుకోండి, నా దాంట్లో సెల్స్ కారిపోయి తుప్పు పట్టిన సంగతి నాకు తెలిసింది కరెంటు పోయిన రాత్రి రెండింటికి, తెల్లారేదాకా చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూర్చున్నా.