కార్ ఏసీ బ్లోయర్ తిరగట్లేదా? మోటార్ కొనేముందు ఇవి చూడండి

బ్లోయర్ అంటే డ్యాష్‌బోర్డ్ లోపల ఉండి మన మీదకి గాలి తోసే ఫ్యాన్. స్పీడ్ నాబ్ నాలుగు మీద పెట్టినా గాలి రాదు, చెవి పెట్టి విన్నా డ్యాష్‌బోర్డ్ లోపల్నుంచి చప్పుడే ఉండదు, ఇదీ ప్రాబ్లం. షెడ్‌కి తీసుకెళ్తే చాలాచోట్ల వినపడే మొదటి మాట "మోటార్ పోయింది సార్". నిజంగానే మోటార్ పోయిన కేసులు ఉంటాయి, కాదనను, కానీ మోటార్ శుభ్రంగా ఉండి దానికి కరెంట్ అందకో ఎర్త్ (కారు బాడీ మీదుగా కరెంట్ తిరిగి వెళ్ళే దారి) దొరక్కో ఆగిపోయినవి కూడా తక్కువేం కాదు, పైగా రెసిస్టర్ (తక్కువ స్పీడ్‌ల కోసం కరెంట్ తగ్గించే పార్ట్) అయితే వందల్లో పని, మోటార్ అయితే వేలల్లో పని, కాబట్టి ముందు కరెంట్ ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి, తర్వాతే పార్ట్ కొనాలి. నేను చెప్పేది నాబ్ తిప్పి స్పీడ్ మార్చే మామూలు మాన్యువల్ ఏసీ కార్ల గురించి, టెంపరేచర్ సెట్ చేస్తే మిగతాది తనే చూసుకునే ఆటో క్లైమేట్ సంగతి చివర్లో చెప్తా.

ముందు ఇది బ్లోయర్ ప్రాబ్లమేనా అన్నది తేల్చుకోండి. గాలి బాగా వస్తుంది కానీ చల్లగా లేదంటే అది గ్యాస్, కంప్రెసర్ గొడవ, ఈ పోస్ట్‌తో పని లేదు. బానెట్ ముందు రేడియేటర్ దగ్గర తిరిగే ఫ్యాన్ వేరు, అది తిరగకపోతే ట్రాఫిక్‌లో చల్లదనం పోద్ది గానీ లోపల గాలి ఆగదు. ఇంకోటి, గంట సేపు హైవే మీద నడిపాక గాలి సన్నగా అయిపోయి, ఏసీ ఆపి కాసేపయ్యాక మళ్ళీ మామూలుగా వస్తుంటే లోపల కూలింగ్ కాయిల్ మీద ఐస్ కడుతోందని, బ్లోయర్ దాని మానాన అది తిరుగుతూనే ఉంటది.

ఇప్పుడు నాబ్ ఒక్కో స్పీడ్ మీద పెట్టి చూడండి, ఏసీ బటన్ మాత్రం ఆఫ్‌లో ఉంచండి. ఇక్కడే సగం సంగతి తెలిసిపోద్ది. 1, 2, 3 మీద చచ్చి పడుంది, 4 మీద మాత్రం ఫుల్లుగా తిరుగుద్ది అంటే దాదాపు ఖాయంగా రెసిస్టరే, ఎందుకంటే తక్కువ స్పీడ్‌లన్నీ ఆ రెసిస్టర్ కాయిల్స్ మీదుగా వెళ్తాయి, నాలుగోది దాన్ని దాటేసి డైరెక్ట్‌గా వెళ్తది. దాంట్లో వేడికి తెగిపోయే చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంటది, పోయేది ఎక్కువగా అదే. ఉల్టా, 4 ఒక్కటే పోయి మిగతావి పనిచేస్తుంటే రెసిస్టర్ జోలికి వెళ్ళొద్దు, స్విచ్‌లో ఆ పాయింటో, దాని వైరో, కొన్ని కార్లలో హై స్పీడ్‌కి విడిగా ఉండే రిలేనో (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) చూడాలి. ఏ స్పీడ్‌లోనూ కదలకపోతేనే కింద చెప్పేదంతా.

ఫ్యూజ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఫ్యూజ్ బాక్స్ మూత మీద ఫ్యాన్ బొమ్మో, బ్లోయర్ లేదా హీటర్ అనో ఉంటది, చాలా కార్లలో 30 ఆంప్స్ ఆకుపచ్చది. కొత్తది వేస్తే వెంటనే మళ్ళీ కొట్టేసిందంటే మోటార్ జామ్ అయినా అయుండాలి, వైర్ ఎక్కడైనా బాడీకి తగులుతున్నా ఉండాలి, అంతేగానీ 30 ప్లేస్‌లో 40 వేయడం, ఫ్యూజ్‌కి రాగి తీగ చుట్టడం లాంటివి చేశారంటే డ్యాష్ లోపల వైరింగ్ అంటుకుంటది. జోక్ కాదిది. రిలేకి అయితే సులువైన పని, పక్కనే అదే నంబర్‌ది ఇంకోటి ఉంటే, చాలాసార్లు హార్న్‌ది, దాన్ని పీకి ఇందులో పెట్టి చూడండి. రిలే టిక్ మన్నంత మాత్రాన బాగుందని కాదు, లోపల కాంటాక్ట్ మాడిపోయినా టిక్ మంటది.

ఇక అసలు టెస్ట్. దీనికి ఓ మామూలు మల్టీమీటర్ చాలు, డీసీ వోల్ట్స్ మీద పెట్టుకోండి. ఎడమ సీట్ ముందు గ్లవ్ బాక్స్ కిందకి తల దూర్చి టార్చ్ వేసి చూస్తే గుండ్రంగా నల్ల ప్లాస్టిక్ మోటార్ కనపడుద్ది, దానికి రెండు లావు వైర్ల కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్) ఉంటది. కొన్ని కార్లలో గ్లవ్ బాక్స్ ఊడదీయాలి, అక్కడ పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. మోటార్ కప్లర్ పీకకండి, చాలామంది పీకేసి కొలుస్తారు, అదే తేడా చేస్తది. పెట్టి ఉండగానే వెనకవైపు నుంచి సన్న గుండుసూది దోపి, రెండు సూదులూ ఒకదానికొకటి, బాడీకి తగలకుండా చూస్కుని, మీటర్ నల్ల వైర్ బాడీ మీద పెయింట్ లేని బోల్ట్‌కి పెట్టి, కీ ఆన్ చేసి, నాబ్ 4 మీద పెట్టి, రెండు వైర్ల దగ్గరా ఒక్కోసారి రీడింగ్ తీస్కోండి.

రెండింట్లోనూ సున్నా వస్తే కరెంట్ అసలు మోటార్ దాకా రావట్లేదు, వెనక్కి వెళ్ళి ఫ్యూజ్, రిలే, ఇగ్నిషన్ వైర్ చూడాలి. ఒకదాంట్లో 12 వోల్టులు, ఇంకోదాంట్లో సున్నా వచ్చి మోటార్ కదలట్లేదంటే అన్నీ అందుతున్నా తిరగట్లేదని, అప్పుడు మోటారే, నిరభ్యంతరంగా దించండి. రెండింట్లోనూ 12 వచ్చిందా? ఇక్కడే చాలామంది కరెంట్ వస్తుంది కదా మోటార్ పోయిందని తేల్చేస్తారు, కానీ మోటార్ గుండా కరెంట్ అవతలి వైపుకి కూడా వచ్చి నిలబడిందంటే మోటార్ లోపల తెగలేదు, అటువైపు ఎర్త్ దొరకట్లేదు అని అర్థం. మన దగ్గర తిరిగే చాలా చిన్న కార్లలో స్విచ్ ఎర్త్ వైపే ఉంటది, అంటే స్పీడ్ నాబ్, దాని కప్లర్, ఆ తర్వాత డ్యాష్ కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్ట్, వీటిలో ఒకటి.

మధ్యలో రకం రీడింగులు కూడా వస్తాయి, ఒకవైపు 7 ఇంకోవైపు సున్నా అలా, మోటార్ నీరసంగా తిరుగుతుంటది. అది జాయింట్ లూజ్. ఈ మోటార్ ఫుల్ స్పీడ్‌లో 15, 20 ఆంప్స్ దాకా లాగుద్ది, అంత కరెంట్ వెళ్ళే చోట పిన్ను కొంచెం వదులైనా వేడెక్కి, వేడికి ఇంకా వదులై, చివరికి కప్లర్ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగి కరిగి పిన్నుకి అతుక్కుపోద్ది. కప్లర్ పీకేసి కొలవొద్దన్నది కూడా ఇందుకే, మీటర్ లాగే కరెంట్ దాదాపు ఏమీ ఉండదు కాబట్టి తీగలో ఒక్క పోగు మిగిలున్నా అది 12 చూపించేస్తది, మోటార్ లోడ్ పడగానే అదే పోగు చేతులెత్తేస్తది. మాడిన కప్లర్ కనపడితే కొత్త పిన్నులతో కొత్త కప్లర్ కట్టించండి, వైర్లు మెలేసి టేప్ చుట్టడం మాత్రం వద్దు.

మోటార్ అని తేలిందా, ఒక్క చిన్న పరీక్ష. నాబ్ 4 మీద ఉంచి స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనక మెల్లగా రెండు దెబ్బలు కొట్టండి, టక్కున తిరగడం మొదలెడితే లోపల తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్లు అరిగిపోయాయని. ఇంటికి చేరేదాకా పనికొస్తదేమో గానీ రేపో ఎల్లుండో మళ్ళీ ఆగుద్ది. కీ ఆఫ్ చేసి కప్లర్ పీకి మూడు స్క్రూలు తీస్తే చాలా కార్లలో ఫ్యాన్‌తో సహా మోటార్ కిందకి దిగుద్ది. చేత్తో తిప్పి చూడండి, గరగర లేకుండా తేలిగ్గా తిరగాలి. వేప చెట్టు కింద పార్క్ చేసే కార్లలో ఫ్యాన్ రెక్కల మధ్య ఎండు ఆకులు కుక్కేసి ఉంటాయి, వైపర్ల కింద జాలీ నుంచి వస్తాయవి. ఎలుకలుంటే ఇంక చెప్పక్కర్లేదు, సీట్ స్పాంజ్ ముక్కలు, నమిలిన కాగితాలు, వాసనా. ఇలా జామ్ అయిన మోటార్‌ని శుభ్రం చేసి పెడితే తిరిగే ఛాన్స్ ఉంది, మార్చే ముందు అది చూడండి. ఫ్యాన్ మీద చిన్న క్లిప్ ఏదైనా ఉంటే చెత్త అనుకుని పీకొద్దు, బ్యాలెన్స్ కోసం పెట్టింది. మోటార్ మీద తుప్పు, నీటి మరకలు ఉంటే ఆ జాలీ కింద నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడాలి, లేకపోతే వచ్చే వానాకాలానికి కొత్త మోటార్ కూడా తడుస్తది.

రెసిస్టర్ మోటార్ పక్కనే గాలి గొట్టం మీద రెండు స్క్రూలతో ఉంటది, అప్పటిదాకా బ్లోయర్ నడిచుంటే చల్లారనిచ్చి తీయండి, కాయిల్ చెయ్యి కాల్చేస్తది. గాలి గొట్టంలో పెట్టింది కూడా ఆ గాలితోనే చల్లబడాలని. అందుకే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ము పట్టి అట్టలా అయిపోతే గాలి తగ్గి రెసిస్టర్ కాలిపోద్ది. మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ పోతుంటే ముందు ఫిల్టర్ చూడండి, అది బాగుంటే మోటార్ ఇరుసు తిరిగే బుష్‌లు బిగుసుకుపోయి కరెంట్ ఎక్కువ లాగుతోందేమో చూడాలి, దీనికి డీసీ కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ (వైర్ చుట్టూ పట్టేసి కరెంట్ కొలిచేది) ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి, ఇళ్ళ కరెంట్ పనికి వాడే, ఆల్టర్నేటింగ్ కరెంట్ మాత్రమే కొలిచే క్లాంప్ మీటర్ పనికిరాదు. కొందరు ఆ థర్మల్ ఫ్యూజ్‌ని తీగతో కలిపేసి సెట్ చేశాం అంటారు, ఒప్పుకోకండి, అది వేడెక్కినప్పుడు ఆపడానికే ఉంది.

ఆటో క్లైమేట్ కార్లలో ఈ కాయిల్ రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటది, ఏసీ ప్యానెల్ నుంచి సన్నటి సిగ్నల్ వైర్ వస్తది. మోటార్ దగ్గర పైన చెప్పిన మూడు రీడింగుల టెస్ట్ ఫుల్ స్పీడ్‌లో పెట్టి ఇక్కడ కూడా చేయొచ్చు, కానీ రెండింట్లోనూ 12 వస్తే మాడ్యూల్ పోయిందా, దానికి సిగ్నల్ రావట్లేదా అన్నది కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ ఉన్న చోట చూపించడమే మంచిది, ఆ సన్న వైర్‌కి బ్యాటరీ నుంచి డైరెక్ట్ ఇచ్చి చూద్దాం అని ప్రయోగాలు చేస్తే ప్యానెల్ కూడా పోద్ది.

ఏది మార్చినా గ్లవ్ బాక్స్ బిగించేముందే నాలుగు స్పీడ్‌లూ చూస్కోండి, 4 మీద ఓ పది నిమిషాలు, బ్యాటరీ దిగకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచి నడిపాక కప్లర్ పట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ పిన్నులు ఇంకా సరిగ్గా కూర్చోలేదు.